ఓడ జాబితాలో ‘ఏవండీ’

మాస్టారు పోయారని ఆయన కూతురు మా ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు మంగళవారం. "అక్కా, నాన్నగారు పొద్దున పోయారు. నిద్రలోనే" అంది. తర్వాత "రేపు బుధవారం కదక్కా, ఏం చేస్తావ్?" అని అడిగి ఏడ్చేసింది.

చావు కబురులో బుధవారం ఎందుకు వచ్చిందో న్యూజెర్సీలో పార్సిప్పనీ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో కొందరికి తెలుసు. తెలియనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆయన పేరు రాయడం లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన మాస్టారే. పైగా, కాగితం మీదికి ఎక్కిన పేరుని వెంటనే నమ్మకూడదని నాకు నేర్పింది కూడా ఆయనే.

కోరంగి పక్క ఊళ్ళో మిషన్ స్కూల్లో ముప్ఫై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి, రిటైరై, భార్య పోయాక, ఇక్కడ నర్సుగా పనిచేస్తున్న కూతురి దగ్గరికి వచ్చారు మాస్టారు. నేను పెళ్ళయి వరంగల్ నుంచి వచ్చింది డెబ్భై తొమ్మిదిలో. ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్, ఒకటే లాండ్రీ రూము. గోదావరి జిల్లా వాళ్ళు గోడకైనా అండీ తగిలించి మాట్లాడతారని విన్నాను గానీ, క్వార్టర్ బిళ్ళ మింగి కదలకుండా కూర్చున్న వాషింగ్ మెషీన్‌ని "తిరగండి, తిరగండి మరి" అని బతిమాలే మనిషిని అక్కడే మొదటిసారి చూశాను. నవ్వాపుకోలేకపోయాను. ఆయన ఏమీ అనుకోలేదు. "గట్టిగా అడిగితే బిగుసుకుపోతాయండి" అన్నారు.

ఆయనకి ఎడమ చెవి వినపడదు. ఏదైనా అడిగాక కుడి అరచెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టుకుని, కొంచెం ముందుకి వంగి నిలబడేవారు. ఆ చెయ్యి లేచిందంటే జవాబు చెప్పేదాకా దిగదు. ముప్ఫై ఏళ్ళు క్లాసులో పిల్లల్ని అలాగే లొంగదీశారట.

"ఈ దేశం ఎట్లుంది మాస్టారు? బిడ్డ దగ్గర బాగుందా?" అని ఒకరోజు బట్టలు మడతపెడుతూ అడిగాను.

"బిడ్డ కోసం వచ్చానని అందరూ అనుకుంటున్నారండి. బిడ్డ కోసం కూడా వచ్చాను. ముందు మాత్రం ఓడ కోసం వచ్చానండి."

జేబులోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన పాత పోస్టుకార్డు తీశారు. దాని మీద రెండు పొగగొట్టాల పెద్ద ఓడ బొమ్మ, కింద ఓడ ఇంగ్లీషు పేరు. ఆయన దాన్ని ఆ పేరుతో ఎన్నడూ పిలవలేదు, ‘నాన్న ఓడ’ అనేవారు. నేనూ అలాగే రాస్తాను.

ఆయనకి మూడేళ్ళప్పుడు, మొదటి యుద్ధం రోజుల్లో, తండ్రి పని వెతుక్కుంటూ రంగం వెళ్ళాడు. ఆ తీరం వాళ్ళు రంగూన్‌ని రంగమనే అనేవారు. అక్కణ్ణుంచి కలకత్తా, కలకత్తా నుంచి ఓడల్లో బొగ్గు కళాసి పని, చివరికి ఇంగ్లండుకీ న్యూయార్క్‌కీ మధ్య తిరిగే ఈ ఓడ. తండ్రికి చదువు రాదు. ఎవరో తోటి కళాసి చేత రాయించి పంపిన కార్డు అది. క్షేమమనీ, కొలిమి దగ్గర బొగ్గు పనిలో ఉన్నాననీ, కోతలకి వస్తాననీ మూడు ముక్కలు. ఆ తర్వాత కార్డూ రాలేదు, మనిషీ రాలేదు. తెల్లదాన్ని కట్టుకుని అక్కడే ఉండిపోయాడని ఊరు తీర్పు చెప్పేసింది. చర్చి రిజిస్టర్లో తల్లి పేరు ఎదురుగా అప్పటి పాస్టరు ‘భర్త విడిచిపెట్టినది’ అని రాశాడు.

"అమ్మ ఆ మాట మోస్తూనే బతికి, ఆ మాట మోస్తూనే పోయిందండి. నాన్న పేరు ఒక్కసారీ పలకలేదు, మొగుడి పేరు చెప్పకూడదు కదండీ. పొద్దున్నే ఈ కార్డు తీసి, ఏవండీ, పిల్లోడికి జొరం తగ్గిందండీ, అని చెప్పేది. ఏవండీ, పిల్లోడు పాసయ్యాడండీ, అనేది. వదిలేసి పోయినోడికి ఎవరైనా అలా చెప్తారంటారా?"

చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది. చెప్పరనే అన్నాను.

ఆయనకి కావలసింది ఒక్కటే. తండ్రి ఏమయ్యాడో రాసి ఉన్న కాగితం దొరకాలి, దాన్ని చూపించి రిజిస్టర్లో ఆ మాట కొట్టేయించాలి. కూతురు మొదట్లో "ఎందుకు నాన్నా ఇప్పుడు, ఎవరున్నారు చూడ్డానికి" అని నచ్చజెప్పింది. రాతిగోడకి చెప్పినట్టే అయింది.

మూడేళ్ళు ఓడ చరిత్ర మీదే కూర్చున్నారు. టౌను లైబ్రరీలో ఉన్నవి చదివారు, లేనివి వేరే ఊళ్ళ నుంచి తెప్పించుకున్నారు. ఆయన్ని చూడగానే లైబ్రేరియన్ ఫారం తీసి బల్ల మీద పెట్టేది. నాలుగు లాంగ్ నోటుబుక్కులు నిండాయి. ఓడని స్కాట్లండులో కట్టారు. పై అంతస్తుల్లో దొరలకి పియానో గదీ, పూలకుండీల మధ్య భోజనశాలా. అడుగున మూడో తరగతిలో, ఒకదాని మీద ఒకటి బిగించిన బల్ల మంచాల మీద, ఉన్న ఊరు వదిలి వచ్చే పేదవాళ్ళు. వాళ్ళకీ కింద కొలుములు. యుద్ధం వస్తే ఓడకి బూడిదరంగు పూసి సైనికుల్ని మోయించారు. యుద్ధం అయ్యాక మళ్ళీ రంగులు వేసి ప్రయాణికుల్ని ఎక్కించారు. కొన్నాళ్ళకి బొగ్గు మానేసి నూనెతో నడపడం మొదలుపెట్టారు, దాంతో కళాసులు అక్కర్లేకపోయారు. చివరికి పాత ఇనుము కింద అమ్మేశారు.

"ఏ పూట ఏ సూపు వడ్డించారో ఉందండి పుస్తకంలో" అని ఒకసారి పేజీ తిప్పి చూపించారు. "పియానో వాయించినాయన పేరుంది. కెప్టెన్ గారి కుక్క పేరు కూడా ఉందండి. బొగ్గేసినోడి పేరు మాత్రం లేదు. ఓడ ఏం తాగి నడిచిందంటారు, సూపు తాగా?"

పాత పేపర్లలో రేవు వార్తలు చూసి, నాన్న ఓడ న్యూయార్క్ చేరిన ప్రతి తేదీ రాసుకున్నారు. ఓడ వచ్చినప్పుడల్లా పనివాళ్ళ జాబితా ఒకటి అధికారులకి ఇవ్వాలి. ఆ జాబితాల మైక్రోఫిల్ములు బేయాన్‌లో, రేవు పక్కన ఒక ప్రభుత్వ భవనంలో ఉన్నాయని లైబ్రేరియన్ చెప్పింది. మా ఊరి నుంచి అక్కడికి బస్సులో వెళ్ళాలంటే ఎన్ని మారాలో ఆ దేవుడికే తెలియాలి.

"మీరు డ్రైవింగ్ నేర్చుకోండమ్మా" అన్నారు నాతో.

"నాకు భయం మాస్టారు. రెండుసార్లు ఫెయిలైన."

"మూడోసారికి నేను తోడుంటానండి."

మా ఆయన నేర్పుతుంటే మాస్టారు వెనక సీట్లో కూర్చుని, ఎదురొచ్చే ప్రతి ట్రక్కునీ "మీరు వెళ్ళండి, ముందు మీరు వెళ్ళండి" అని సాగనంపేవారు. ఎలాగో పాసయ్యాను. తర్వాత కంప్యూటర్ కోర్సు చేసి ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఇంటర్వ్యూలో నేను అడిగింది ఒకటే, బుధవారం సెలవు. అది మా మతంలో ఉపవాసమేమో అనుకున్నాడు మేనేజరు. నేనూ కాదనలేదు.

మొదటి రెండేళ్ళు బుధవారం బుధవారం కూర్చుని, పేర్ల వరస మీద వేలు పెట్టి, నాన్న ఓడ బతికినన్నాళ్ళ జాబితాలూ తిరగేశాం. ఇంటిపేరుతో వెతికాం, పేరుతో వెతికాం, రెండూ తారుమారు చేసి వెతికాం. నా ఆఫీసులోనే ఇప్పటికీ నన్ను ఇంటిపేరుతో పిలుస్తుంటే, ఆనాటి గుమాస్తా ఏం రాసి ఉంటాడో ఎవరికెరుక. ఎక్కడా లేడు. ఇంక ఈయన ఆగిపోతారనుకున్నాను.

"మళ్ళీ మొదట్నుంచి మొదలెడదామండి" అన్నారు. "ఈసారి పైకి చదవండి. తెల్లోడు చెవితో విని రాసుకున్న పేర్లండి ఇవి. మనమూ చెవితోనే పట్టుకోవాలి."

ఆయన కళ్ళలో అప్పటికి శుక్లాలు. ఫిల్ము చూపించే మెషీన్ తిప్పేదీ చదివేదీ నేను, పక్కన కుర్చీ వేసుకుని కుడి చెవి ఒగ్గేది ఆయన. నా గొంతు ఎండిపోయేది. పక్క మెషీన్ దగ్గర తన తాతల పేర్లు వెతుక్కునే పెద్దావిడ ఉష్ అనేది. "సారీ అండి" అని ఆవిడకి చెప్పి, "కానివ్వండి" అని నాకు చెప్పేవారు.

కొన్ని పేర్ల పక్కన ‘పారిపోయాడు’ అని ముద్ర ఉండేది. రేవులో దిగి మళ్ళీ ఓడ ఎక్కనివాళ్ళు. ఆ ముద్ర కనబడ్డప్పుడల్లా నా గొంతు తగ్గేది. ఒక రోజు తిరిగి వస్తూ విసుగులో అనేశాను. "ఒకవేళ నిజంగనే పారిపోయిండనుకోండి మాస్టారు, అప్పుడేం చేస్తరు?"

నెవార్క్ దాటాక, "అలా రాసుంటే ఒప్పేసుకుందామండి. రిజిస్టర్లో మాట అలాగే ఉండనిద్దాం. చూడకుండా రాశారనే నా కోపం" అన్నారు. నాకు సిగ్గేసింది. ఇంటి దగ్గర దిగుతూ "దొరకలేదంటే లేదని కాదండి, ఇంకా చదవలేదని" అన్నారు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. ప్రోగ్రాంలో తప్పు దొరకనప్పుడు ఇప్పటికీ నాలో నేను అనుకుంటాను.

ఎనభై ఆరులో, వాన జల్లు పడుతున్న ఒక బుధవారం. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది జాబితాలు. బొగ్గు కళాసుల పేజీ చదువుకుంటూ పోతున్నాను. నా మనసు ఇంట్లో నానబెట్టి వచ్చిన పప్పు మీద ఉంది. వై, ఈ, వీ, ఏ, ఎన్, డీ, వై. "యెవండీ" అన్నాను.

"ఆయ్, చెప్పండి" అన్నారు మాస్టారు.

"ఏం చెప్పాలె?"

"మీరు పిలిచారు కదండీ."

"నేనెక్కడ పిలిచిన మాస్టారు? పేరు చదివిన."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన చెయ్యి మెల్లగా చెవి వెనక్కి వెళ్ళింది. "మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివాను. ఈసారి నా వరంగల్ నోట కూడా అది గోదావరి మాటలాగే వచ్చింది. ఏవండీ.

నీ పేరేమిటని గుమాస్తా ఇంగ్లీషులో అడిగి ఉంటాడు. ఆ ప్రశ్న అర్థం కాని గోదావరి మనిషి, మర్యాద తప్పకుండా, "ఏవండీ?" అని ఎదురడిగి ఉంటాడు. గుమాస్తా అదే పేరనుకున్నాడు. రెండేళ్ళు పేర్ల మీదే వేలు పెట్టుకు తిరిగిన మేము మొదటిసారి ఆ వరసంతా అడ్డంగా చదివాం. చదువు రాదు. ఒంటి మీది గుర్తుల గడిలో, కుడి ముంజేతి మీద తేలు పచ్చబొట్టు.

"తేలు" అన్నారు మాస్టారు. "అమ్మ చెప్పేదండి. నాన్న ఎత్తుకుంటే ఆ తేలుని చూసి ఏడ్చేవాణ్ణంట."

తర్వాతి ప్రయాణాల్లోనూ అదే పేరు, అదే తేలు. ఐదో జాబితాలో పేరు మీద గీత కొట్టి ఉంది. పక్కన చేత్తో రాశారు, న్యూమోనియాతో సముద్రంలో చనిపోయాడని. న్యూయార్క్ ఇంకా రెండు రోజుల ప్రయాణం ఉందట. అక్కడే నీళ్ళలో దించేశారు.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. "కబురు పంపే ఉంటారండి" అన్నారు. "ఏవండీ అనే మనిషి ఇల్లెక్కడని వెతుకుతారు, పాపం." అన్నాళ్ళూ మమ్మల్ని ఉష్ అన్న పెద్దావిడ లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

అక్కడితో ఆగే మనిషైతే నేనింత రాయక్కర్లేదు. ఫొటోకాపీలు, వాటికి తెలుగు అనువాదం, అన్నీ కవర్లో పెట్టి ఊరి చర్చికి పంపారు. ఆరు నెలలకి ఇప్పటి పాస్టరు గారి నుంచి ఎంతో ప్రేమగా జవాబు వచ్చింది, రిజిస్టరు పేజీ ఫొటోతో సహా. పాత మాట అలాగే ఉంది. దాని పక్కన ‘భర్త మరణించెను’ అని చేర్చారు.

"వదిలేసి, ఆ తర్వాత పోయాడన్నట్టుందండి ఇది" అన్నారు మాస్టారు. "తప్పు జవాబు పక్కన ఒప్పు రాస్తే నేను మార్కులివ్వను. తప్పు కొట్టేసి రాయాలి."

నెలకొక ఉత్తరం రాశారు. జవాబు లేదు. చివరి కవర్లో ఒక ఎర్ర బాల్‌పెన్ను పెట్టారు. పోస్టాఫీసు కౌంటర్లో కవరు తడిమి ఇదేమిటని అడిగితే "కరెక్షన్ అండి" అన్నారు.

కిందటి సెప్టెంబరులో ఇంకో ఫొటో వచ్చింది. ‘భర్త విడిచిపెట్టినది’ మీద ఎర్ర గీత, స్కేలు పెట్టి కొట్టినంత తిన్నగా ఉంది.

ఆయన పోయిన మర్నాడు బుధవారం నేను బేయాన్ వెళ్ళాను. నోటుబుక్కులు నాలుగూ ఆయన కూతురు నాకే ఇచ్చింది. అదే జాబితాలో, ఆ పేరుకి రెండు వరసల కింద, ‘టెలీడూ’ అని ఇంకో కళాసి ఉన్నాడు. పైకి చదవండి, మీకే అర్థమవుతుంది. తెలీదు అన్న ఆ మనిషి ఏ ఇంటివాడో, అతని కోసం ఎవరు ఏ మాట పడ్డారో చూడాలి. నా బుధవారాలు ఖాళీ కాలేదు.

కిందటి సెప్టెంబరులో, ఎర్ర గీత ఫొటో వచ్చిన వారం కూడా బేయాన్ వెళ్దామన్నారు మాస్టారు. "ఇంకేం చదవాలె?" అని అడిగాను. "చదవద్దండి. పక్కన నీళ్ళున్నాయి కదా, అక్కడికి" అన్నారు. రేవు కంచె దగ్గర కారు ఆపాను. ఆయన ఒంటి మీద కూతురి ఊదారంగు చలికోటు, తలకి మంకీ క్యాపు. క్యాపు తీసి జేబులో పెట్టుకుని, కార్డు చేత్తో పట్టుకుని కంచె దాకా నడిచారు. నాన్నా అని పిలుస్తారనుకున్నాను.

"ఏవండీ" అని పిలిచారు, క్లాసులో చివరి బెంచీకి వినపడేంత గట్టిగా. "ఏవండీ, ఆ మాట కొట్టేశారండీ."

నా వైపు తిరిగి "అమ్మ చెప్పాల్సిందండి" అన్నారు. తర్వాత కుడి చెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టుకుని, నీళ్ళ వైపు కొంచెం వంగి నిలబడ్డారు. గాలి బాగా వీస్తోంది. కారు తాళాలు పట్టుకుని నేను వెనకాల ఆగాను. ఆ చెయ్యి ఎంతసేపటికీ దిగలేదు.