వంచిన గురి

పెళ్ళయి వచ్చినప్పటినుంచి నల్లమ్మకు తన చేతిమీద నమ్మకం లేదు. ఆ నమ్మకం పోగొట్టింది ఆమె మొగుడు తిప్పేష్.

తిప్పేష్‌ది బుడగలు కాల్చే అంగడి. ఊరు కళ్యాణదుర్గం పక్కన. శనక్కాయ పనులు లేని కాలంలో ఎక్కడ జాతర, పరస జరిగితే అక్కడికి రెండు ఎయిర్ గన్నులూ, చెక్కబోర్డూ, టార్పాలినూ ఆటోలో వేసుకుని మొగుడూ పెళ్ళామూ పోయేవాళ్ళు. బోర్డు కింది వరసల్లో బుడగలు ఒత్తుగా ఉండేవి, ఎవరు కాల్చినా ఏదో ఒకటి పగిలేది. అసలు ఆట నడిమధ్యన ఉండేది. చుట్టూ ఖాళీ వదిలి ఒంటరిగా కట్టిన నిమ్మకాయంత ఎర్ర బుడగ. దాన్ని కొట్టినవాళ్ళకు స్టీలు బిందె. కొట్టినవాళ్ళు అరుదు. "ఏం కష్టం కాదప్పా, సూడండి" అని తిప్పేష్ మాత్రం గన్ను భుజానికి ఆనించి మొదటి గుండుకే పగలగొట్టేవాడు. జనం ఎగబడేవాళ్ళు.

కాపురానికి వచ్చిన కొత్తలో నల్లమ్మ సరదాపడి గన్ను ఎత్తి ఎర్ర బుడగకు గురిపెట్టింది. తగల్లేదు. మళ్ళీ కాల్చింది. మళ్ళీ తగల్లేదు. తిప్పేష్ నలుగురినీ పిలిచి మరీ నవ్వాడు.

"ఆడోళ్ళ చెయ్యి వణుకుతాదప్పా. రొట్టె తట్టే చేతికి గురి యాడనుంచి వస్తాది?"

తర్వాత అదే వ్యాపారమైపోయింది. జనం పలచబడినప్పుడల్లా ఆమె చేతికి గన్నిచ్చి కాల్చమనేవాడు. ఆమె తప్పేది. చూసేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆడమనిషి కంటే మేం నయమే కదా అని మగవాళ్ళు ముందుకొచ్చేవాళ్ళు. నల్లమ్మ తలొంచుకుని గుండ్లు నింపేది. ఇంట్లో చెంబు జారి కిందపడినా అత్త అంజనమ్మ "వణికే చెయ్యి కదా" అనేది.

మొన్నటి ఏడాది పామిడి పరసకు ముందు తిప్పేష్ గోరంట్లలో ఉన్న చెల్లెలి ఇంటికి పోయాడు. పోతూ గన్నులకు నూనె పెట్టమన్నాడు. "నూనె వరకే. విప్పినావంటే స్ప్రింగు ఎగిరొచ్చి కన్ను పోతాది" అని ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు.

నూనె పెట్టాక, గన్ను సరిగా పేలుతుందో లేదో చూడాలనుకుంది నల్లమ్మ. కలుపు తీసి తీసి మణికట్టు వాచి ఉంది, ఎత్తి పట్టుకోలేకపోయింది. అందుకని పెరట్లో శనక్కాయ పొట్టు మూటమీద గన్ను ఆనించి, మొండిగోడకు పాత క్యాలెండరు కాగితం అంటించి, దానిమీద బొగ్గుతో చుక్క పెట్టి కాల్చింది. ఐదు గుండ్లు కాల్చి కాగితం దగ్గరికి వెళ్ళి చూసింది.

ఐదు చిల్లులూ ఒక్కచోటే ఉన్నాయి. రూపాయి బిళ్ళ కింద దాగేంత దగ్గరగా. కానీ చుక్క దగ్గర కాదు, చుక్కకు కుడిపక్కన, అరచేయంత దూరంలో.

ఆమె చాలాసేపు కాగితాన్నే చూసింది. వణికే చెయ్యి ఐదు గుండ్లనూ ఒకేచోటికి ఎట్లా పంపుతుంది? మూట తీసేసి, వాపును లెక్కచేయకుండా చేత్తో పట్టుకుని కాల్చింది. చిల్లులు కొంచెం చెదిరాయి, అయినా మళ్ళీ కుడివైపే. ఈసారి చుక్కకు అరచేయంత ఎడమపక్కకు గురిపెట్టింది. చుక్క ఎగిరిపోయింది.

గన్నును వెలుతురులో పెట్టి చూసింది. గొట్టం కొసన ఉండే గురిముక్క ఎడమకు వంగి ఉంది. దెబ్బ తగిలి వంగింది కాదు. పట్టకారు పళ్ళ గాట్లు తెల్లగా కనబడుతున్నాయి. రెండో గన్నుకూ అవే గాట్లు.

వాకిట్లో కూర్చున్న అంజనమ్మ దగ్గరికి గన్ను తీసుకుపోయింది. "అత్తా, ఇది ఎవరు వంచినారు?"

అంజనమ్మ గన్ను వైపు చూడలేదు. "నీకెందుకే అవన్నీ? అంగడి నడవాలంటే అట్లే ఉండాల. మీ మామ చేసినాడు, వాడూ చేస్తాండాడు. వాడికి ఎంత పక్కకు పెట్టి కొట్టాలో తెలుసు, అంతే."

"అంటే నీకు తెలుసు."

"తెలిస్తే?"

"తెలిసి కూడా నా చెయ్యి వణుకుతాదని అంటాండావా ఇన్నేండ్లూ?"

నల్లమ్మ అరవలేదు. అరిస్తే కోపం చల్లారిపోతుందేమోనని భయపడినట్టు నోరు గట్టిగా మూసుకుని పెరట్లోకి నడిచింది.

ఆ పొద్దంతా ఆమె కోపంతోనే పని చేసింది. గురిముక్కకు గుడ్డ చుట్టి, పట్టకారుతో వెంట్రుకవాసి చొప్పున వెనక్కి వంచింది. వంచడం, కాల్చడం, కాగితం చూడడం. చిల్లులు చుక్కలో పడేదాకా వదల్లేదు. రెండో గన్ను మరీ మొండిది. దాని గుండ్లు గోడంతా చెదిరిపోయాయి. చెక్కపిడికీ గొట్టానికీ మధ్య మరలు వదులయ్యాయి, బిగించింది. కొంచెం దారికొచ్చింది. గొట్టంలోకి పాత నూలుచీర పేలిక దూర్చి లాగితే తారులా నల్లటి సీసపు మడ్డి వచ్చింది. పేలిక తెల్లగా వచ్చేదాకా లాగింది. గొట్టం మడిచే కీలు ఆడుతుంటే దాని మరనూ బిగించింది. స్ప్రింగు జోలికి పోలేదు, పోవాల్సిన అవసరం రాలేదు. డబ్బాలో సొట్టపోయిన గుండ్లన్నీ ఏరి పారేసింది. సాయంత్రానికి రెండు గన్నులూ చూసినచోటే కొట్టాయి.

తిప్పేష్ వచ్చాక ఆమె ఏమీ చెప్పలేదు. అంజనమ్మ పెరట్లో ఏం జరిగిందో చూసింది కానీ కోడలి మొహం చూసి నోరెత్తలేదు.

పామిడి పరసలో తొలిరోజు జనం బాగానే ఉన్నారు. తిప్పేష్ ఎప్పటిలాగే గన్ను ఎత్తాడు. "ఏం కష్టం కాదప్పా, సూడండి." కాల్చాడు. గుండు ఎర్ర బుడగకు ఎడమపక్కన ఖాళీ చెక్కలో దిగింది. నవ్వేసి మళ్ళీ కాల్చాడు. మళ్ళీ అక్కడే. మూడోసారి గన్ను మార్చాడు. అదీ చెక్కకే తగిలింది. ఎవరో ఈల వేశారు. తిప్పేష్ గురిముక్క వైపు చూశాడు, తర్వాత పెళ్ళాం వైపు చూశాడు.

నల్లమ్మ అతని చేతిలోంచి గన్ను తీసుకుంది. గుండు పెట్టి, ఊపిరి బిగబట్టి కాల్చింది. ఎర్ర బుడగ పగిలింది. ఇంకోటి కట్టి, అదీ పగలగొట్టింది.

"ఏమ్మే, ఏం చేసినావే గన్నులకు?" తిప్పేష్ పళ్ళ మధ్య నుంచి అడిగాడు.

ఆమె అతనికి కాదు, జనానికి జవాబు చెప్పింది. "ఈ గన్నులు ఇన్నాళ్ళూ వంకరగా ఉండె. ఈయప్పే వంచినాడు. నాకు మొన్ననే తెలిసె. సరిచేసినా. ఇప్పుడు కాల్చండి."

ఆమె ఊహించింది వేరు, జరిగింది వేరు. జనం మెచ్చుకోలేదు. ముందువరసలో బసప్ప అనే గొర్రెలకాపరి ఉన్నాడు. ఏటా వచ్చి బిందె కోసం కాల్చి, ఉత్తచేతులతో పోయే మనిషి. "అయితే నా కంట్లో దుమ్ముకొట్టినారా ఇన్నేండ్లూ!" అని తిప్పేష్ చొక్కా పట్టుకున్నాడు. వెనకనుంచి ఎవరో బోర్డు లాగేశారు. టార్పాలిను చిరిగింది. బిందెలు ఎవరికి అందింది వాళ్ళు ఎత్తుకుపోయారు. "నువ్వూ ఆయప్ప పక్కనే గుండ్లు నింపినావు కదమ్మా, నీకు తెలీదంటే నమ్మాల్నా?" అని ఒకామె నల్లమ్మ మొహంమీదే అడిగింది. నల్లమ్మ గన్నులు రెండూ చంకన పెట్టుకుని నిలబడింది. వాటిని మాత్రం ఎవరినీ తాకనివ్వలేదు.

తిరిగివచ్చే ఆటోలో తిప్పేష్ పెదవి చిట్లి ఉంది. "అందరి ముందర నా పరువు తీసినావ్. ఇంట్లో అడిగింటే సరిపోకపోయెనా?"

"నువ్వు నన్ను చూసి నవ్వింది ఇంట్లోనా?" అంది నల్లమ్మ. "పరస పరసలో నవ్వినావ్. ఊరూరా నవ్వించినావ్. నా చెయ్యి నాదే అయినా నేను నమ్మకుండా చేసినావు కదప్పా. బిందె ఇయ్యకపోవడం దొంగతనం. అది చిన్నది. నువ్వు నాకు చేసినదానికి పేరేంది, చెప్పు?"

డ్రైవరు అద్దంలోంచి చూసి, పాట ఆపేశాడు. తిప్పేష్ రోడ్డు వైపు తిరిగాడు.

ఆ తర్వాత పామిడిలో వాళ్ళను అంగడి పెట్టనివ్వలేదు. తిప్పేష్ కొన్నాళ్ళు గోరంట్లలో చెల్లెలి మొగుడి దగ్గర పనిచేసి తిరిగివచ్చాడు. ఇప్పుడు అంగడి నల్లమ్మది. బిందెలు లేవు, దువ్వెనలూ అద్దాలూ ప్లాస్టిక్ డబ్బాలూ బహుమతి. వచ్చేది తక్కువే, గెలిచేవాళ్ళు ఎక్కువ. తిప్పేష్ వెనక కూర్చుని బుడగలు ఊది కడతాడు. గన్ను ముట్టుకోడు, ఆమె ముట్టుకోనివ్వదు.

మొన్న కళ్యాణదుర్గం పరసలో, జనం తగ్గిన పూట, బుడగ ముడి వేస్తూ అతను మెల్లగా అడిగాడు. "ఇంకా ఎన్నాళ్ళుంటాదే నీ కోపం?"

"ఉండనీ," అంది నల్లమ్మ గొట్టంలోంచి పేలిక లాగుతూ. "నీకేమన్నా బరువా? మోస్తాండేది నేను కదా."

అంతలో ఒక జంట వచ్చి నిలబడింది. నల్లమ్మ గుండు నింపి గన్నును ఆ ఆడమనిషి చేతికిచ్చింది.