కట్టకొకటి చొప్పున ఎక్కువొచ్చిన చాపలు

2007లో నేను ఏలూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో కొనుగోళ్ల సెక్షన్ చూసేదాన్ని. జిల్లాలోని సంక్షేమ హాస్టళ్లకు కావలసిన ట్రంకు పెట్టెలు, కంచాలు, దుప్పట్లు, చాపలు మా సెక్షన్ ద్వారానే వెళ్లేవి. తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరులో వచ్చి వెళ్లేదాన్ని. రైలు ఆలస్యమైనా నేను ఆలస్యం కాకూడదని ఒక బండి ముందే ఎక్కేదాన్ని. ఆఫీసులో నన్ను వెనకాల ‘రూల్సు రాజ్యలక్ష్మి’ అనేవారట. ముఖం మీద అన్నా నాకేం బాధ లేదు. రూలు లేని కొనుగోలు అంటే పులుసులో ఉప్పు ఎవరెంత వేశారో తెలియని పెళ్లి వంటే.

ఈ కథకి రేట్ కాంట్రాక్ట్ గురించి కాస్త తెలియాలి. హాస్టళ్లకి కావలసిన ప్రతి వస్తువుకీ ప్రతిసారీ టెండరు పిలిస్తే, పిల్లలు చదువులు ముగించి పెళ్లిళ్లు చేసుకుంటారు గానీ కంచం చేతికి రాదు. అందుకని ఫలానా వస్తువు, ఫలానా కొలతలతో, ఫలానా ధరకి, ఫలానా వాళ్లు ఇస్తారని ఏడాదికి సరిపడా ఒక జాబితా ఖాయం చేస్తారు. అదే రేట్ కాంట్రాక్ట్. జాబితాలో పేరున్న వాళ్లకి మేం నేరుగా ఆర్డరు రాయవచ్చు. పేరు లేనివాళ్లు బంగారు చాప నేసి తెచ్చినా గుమ్మంలోనే ఆపాలి.

ఆ ఏడు మొదటిసారి మార్తమ్మగారి డ్వాక్రా సంఘం ఆ జాబితాలోకి వచ్చింది. పెదపాడు దాటి లోపలికి వెళితే కొల్లేటి అంచున ఉంటుంది వాళ్ల ఊరు. సంఘంలో ఇరవై మంది ఆడవాళ్లు. అంతకుముందు ఏడాది ప్రభుత్వం కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశాక, చెరువుల మీద వాళ్లకు దొరికే కూలి పోయింది. ఇక చేతిలో మిగిలింది తుంగ కోసి, చీల్చి, ఎండబెట్టి చాపలు నేసే పని ఒక్కటే. ఆ చాపలు కూడా వేసవిలో తప్ప బయట పెద్దగా అమ్ముడుపోవు. జాబితాలో పేరుంటే ఏడాది పొడుగునా పని. పోతే పొయ్యిలో పిల్లి లేవదు.

మార్తమ్మగారికి యాభై దాటి ఉంటాయి. చంకలో సంచి, సంచిలో బైబిలు, సంఘం పాసుపుస్తకం. దరఖాస్తు కోసం ఆవిడ ఆరు నెలలు తిరిగారు. ఒక్కోసారి ఒక్కో కాగితం తక్కువని వెనక్కి పంపింది నేనే. నాలుగోసారి వచ్చినప్పుడు అన్నారు కదా, “మేడంగారండీ, ఇంకా ఏవేం తక్కువో ఒక్కసారే చెప్పేయండి. ఇంటికెళ్లకుండా ఈ మెట్ల మీదే కూర్చుని అన్నీ రాయించేసుకుంటాను.” నాకు నవ్వాగలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి నేనే నింపాను.

మొదటి ఆర్డరు నాలుగు వందల చాపలు. కాగితం చేతికిస్తూ షరతులన్నీ చదివి వినిపించాను. “నాలుగొందలంటే నాలుగొందలండీ. ఒక్కటి తగ్గినా జాబితాలోంచి పేరు ఎగిరిపోతుంది. మళ్లీ నేనేం చేయలేను” అని భయపెట్టాను. ఒకసారి కాదు, మెట్లు దిగేదాకా చెబుతూనే ఉన్నాను.

“అయ్యబాబోయ్, తగ్గుతామాండీ!” అన్నారావిడ.

చెప్పిన రోజుకే రెండు ట్రాలీ ఆటోల్లో సరుకు దిగింది. ఇరవై కట్టలు. కట్టకి ఇరవై. అప్పుడు మాకు ఆఫీసరుగారు కొత్త. మర్యాదస్తుడే గానీ ఒట్టి సంతకం పెట్టే మనిషి కాదు. స్టోరుకి స్వయంగా వచ్చి, శాంపిలు పక్కన పెట్టి చూశారు. నేత బాగుంది, కొలత సరిగ్గా ఉంది. తర్వాత కట్టలు విప్పించారు. మొదటి కట్టలో ఇరవై ఒకటి వచ్చాయి. లెక్క తప్పిందేమోనని అటెండరు మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై ఒకటే. రెండో కట్టలోనూ అంతే. మొత్తం తేలేసరికి నాలుగు వందల ఇరవై.

ఆఫీసరుగారు నా వైపు తిరిగారు. “రాజ్యలక్ష్మిగారూ, ఈ ఇరవై ఎవరింటికండీ?”

ఎక్కువొస్తే మంచిదేగా అనిపించవచ్చు మీకు. మా పనిలో తక్కువ కంటే ఎక్కువకే భయపడాలి. తక్కువొస్తే ఇచ్చినవాడు దొంగ. ఎక్కువొస్తే పుచ్చుకున్నవాళ్లు దొంగలు. స్టాక్ రిజిస్టరులో ఆర్డరు ప్రకారం నాలుగొందలే ఎక్కుతాయి. మిగిలినవి ఏ పుస్తకంలోనూ ఉండవు గనక ఎవరింటికో చేరతాయి. దానికి బదులుగా వచ్చేసారి నాసిరకం సరుకు కళ్లు మూసుకుని దింపుకోవాలి. ఇదంతా ఆయన అంతకుముందు పనిచేసిన చోట చూసి వచ్చారట.

నా ముఖం మాడిపోయింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో అలాంటి మాట పడలేదు. “నాకేం తెలియదు సార్. ఆవిణ్ణే అడగండి” అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. నన్ను నేను కాపాడుకోవడానికి ఆవిణ్ణి ముందుకు తోశాను.

“సరే, షోకాజ్ నోటీసు తయారు చేయండి” అన్నారాయన. జాబితాలోంచి మీ పేరు ఎందుకు తీసేయకూడదో చెప్పండి అని అడిగే కాగితం అది. అది వెళ్లాక పేరు నిలబడ్డవాళ్లు నాకు తెలిసి తక్కువ.

మార్తమ్మగారు స్టోరు మెట్ల మీద కూర్చుని అన్నం క్యారేజీ విప్పుతున్నారు. కోపమంతా అక్కడ కుమ్మరించాను.

“ఏం పని చేశారండీ! కట్టకొకటి ఎక్కువ పెట్టమని ఎవరు చెప్పారు మీకు? నా కొంప ముంచారు కదండీ!”

ఆవిడ తెల్లబోయారు. “కొసరండీ” అన్నారు.

“గవర్నమెంటుకి కొసరేంటండీ?”

“ఆయ్, గవర్నమెంటైనా కొనుక్కునేదే గదండీ? ఇరవైకొకటి కొసరెయ్యకుండా చాపలమ్మితే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి తంతాదండీ. సంఘంలో ఒక్కో మనిషీ ఒక్కోటి నేసిందండీ. పిల్లలు పడుకునేవి గదా అని మంచి తుంగ ఏరి మరీ నేశారు.”

ఆ ముందురోజే గూడెం మార్కెట్లో వంకాయలమ్మే ఆవిడతో కొసరు కోసం పోట్లాడి, రెండు కాయలు అదనంగా సంచిలో వేయించుకుని వచ్చినదాన్ని నేను. కొసరంటే నాకు తెలియదా? తగ్గకూడదని అన్నిసార్లు చెప్పాను గానీ, ఎక్కువ రాకూడదని ఒక్కసారైనా చెప్పలేదు. ప్రభుత్వానికి ఎవరైనా ఎక్కువ ఇస్తారని నాకు తట్టనే లేదు.

ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసరుగారి గదిలోకి వెళ్లాను. ఆవిడ చెప్పిందంతా ఆయన శ్రద్ధగా విన్నారు.

“నమ్ముతానమ్మా. కానీ ఫైల్లో ఏమని రాయమంటారు?”

“కొసరనే రాయండి బాబూ. అబద్ధమేం కాదు గదా.”

“ఆడిట్ వాళ్లు కొసరు ఒప్పుకోరమ్మా. ఇరవై చాపలూ వెనక్కి తీసుకెళ్లాలి. అసలెందుకు వచ్చాయో ఎవరో ఒకరు రాతపూర్వకంగా చెప్పాలి. అప్పుడే నోటీసు ఆపగలను.”

“నేను రాసిస్తాను సార్” అన్నాను. “షరతులు చెప్పింది నేను. సగమే చెప్పాను. తప్పు నాది.”

ఆయన కాగితం నా వైపు జరిపారు. అలా రాస్తే నా సర్వీసు ఫైల్లో శాశ్వతంగా ఉండిపోతుందని ఇద్దరికీ తెలుసు.

చిక్కంతా మార్తమ్మగారి దగ్గరే వచ్చింది. “ఇచ్చిన కొసరు వెనక్కట్టుకెళ్లకూడదండీ” అన్నారు. “అలా తీసుకున్నామంటే బేరం చెడిపోయిందనే గదండీ. ఆ ఇరవై మందికీ నేనేం మొకం పెట్టుకుని చెప్పను?” కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అవి ఇక్కడుంటే మీ పేరుండదండీ, మార్తమ్మగారూ. రెండింటిలో ఏదో ఒకటే” అన్నాను.

ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. స్టోరుకి వెళ్లి కట్టకొకటి చొప్పున తనే లాగారు. అటెండరు సాయం చేయబోతే వద్దన్నారు. ఇరవై చాపలూ ఆటోలో వేసుకుని, వెళ్లొస్తానండీ అని కూడా అనకుండా వెళ్లిపోయారు. నేను నా తప్పు ఒప్పుకుంటూ ఒక పేజీ రాసి ఆఫీసరుగారికి ఇచ్చి, సాయంత్రం రైలుకి ఇంటికి వచ్చాను.

మూడు నెలలకి రెండో ఆర్డరు పెట్టాల్సి వచ్చింది. సంఘం పేరు జాబితాలో ఉంది గానీ వాళ్లు ఒప్పుకుంటారో లేదోనని భయపడ్డాను. కాగితం తీసుకోవడానికి మార్తమ్మగారే వచ్చారు. ఈసారి షరతులు రెండువైపులా చెప్పాను. “అర్థమైందండీ. లెక్కలో ఒక్కటి కూడా ఎక్కువ రాదండీ” అన్నారు. ఆ మాట పొడిగా ఉంది.

సరుకు వచ్చింది. మూడు వందల చాపలు. ఆఫీసరుగారు, నేను, అటెండరు కట్టలన్నీ విప్పి లెక్కపెట్టాం. ప్రతి కట్టలోనూ ఇరవై. అమ్మయ్య అనుకున్నాను. ఆ వెంటనే మనసు చివుక్కుమంది. ఒక మంచి అలవాటు నా చేతుల మీదుగా చచ్చిపోయిందే అనిపించింది.

“కొలవండి” అన్నారు ఆఫీసరుగారు. నేనే టేపు పట్టుకున్నాను. ఉండాల్సిన ఆరడుగులు దాటింది. ఇంకో బెత్తెడు వచ్చింది. మరో చాప తీశాను. అదీ అంతే. ఏ కట్టలోంచి తీసినా ఆరడుగుల మీద బెత్తెడు. మార్తమ్మగారు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డారు.

“ఏంటమ్మా ఇది?” అన్నారాయన.

“లెక్కలో వద్దన్నారు గదండీ. లెక్కలో వెయ్యలేదండీ.”

ఆయన స్పెసిఫికేషన్ కాగితం తెమ్మన్నారు. పొడుగు దగ్గర ఏముందో చదవమన్నారు. “ఆరడుగులకు తగ్గకుండా” అని చదివాను. “మళ్లీ చదవండి” అన్నారు. మళ్లీ చదివాను. ఆయన పెదవి చివర నవ్వు కనిపించింది. “తగ్గలేదు కదండీ? షరతుల ప్రకారమే ఉన్నాయని రాయండి.”

రిటైరయ్యే వరకు నేను ఆ సీట్లోనే ఉన్నాను. ఆ తర్వాత కొత్తగా జాబితాలోకి ఎవరొచ్చినా, షరతులు చదివే ముందు “మీ ఊళ్లో ఎలా అమ్ముతారండీ?” అని అడిగేదాన్ని. మా రూల్సన్నీ తగ్గించి ఇచ్చేవాళ్లను పట్టుకోవడానికి రాసినవి. చేతినిండా ఇచ్చేవాళ్లు ఎదురైతే వాటికేం చేయాలో తెలియదు. అది చూసుకోవాల్సింది ఆ కుర్చీలో ఉన్న మనిషే.

రెండో సరుకు దిగిన ఆ రోజు మాత్రం ఇదంతా తట్టలేదు. గేటు దాకా సాగనంపుతూ మార్తమ్మగారిని మామూలుగానే కేకలేశాను. “ఎందుకండీ మీకింత పట్టుదల? మళ్లీ ఇద్దరం ఇరుక్కునేవాళ్లం కదా?”

ఆవిడ ఆటోలో సంచి సర్దుకుంటూ చెప్పారు.

“పిల్లలు గదండీ మేడంగారూ. ఏడాది తిరిగేసరికి పొడుగవుతారు. చాప పొడుగవ్వదు గదండీ.”