ఆఖరి పద్దెనిమిది కిలోమీటర్లు

తీరం వెంట ఇరవై రోజులుగా సాగుతున్న సైకిల్ యాత్రలో రిపేరక్క అందరికంటే వెనక వచ్చేది. అది ఆమె ఉద్యోగం. ముందు పోయే ఎనిమిది మందిలో ఎవరి ట్యూబు పంక్చరైనా, ఎవరి చైను తెగినా బాగుచేసి, వాళ్ళు ఎక్కి కదిలాకే తాను కదలాలి. ఎవరినీ దాటకూడదు.

తండ్రి వదిలిపోయిన సైకిల్ షాపులో ముప్పై ఏళ్ళు ఊరందరి చక్రాలూ సరిచేసిందే తప్ప, ఇల్లూ షాపూ దాటి తొక్కింది లేదు. యాభై రెండో ఏట ఈ పని వస్తే జీతం మాట సరిగ్గా వినకుండానే ఒప్పుకుంది. తీరం రోడ్డు ఆగిపోయే హార్బరు గేటు దాకా తన కాళ్ళతో తొక్కాలని మనసులో పెట్టుకుంది. సామాన్ల వ్యాను నడిపే తమ్ముడికి తప్ప ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆఖరి రోజు పొద్దున ఎనిమిదిన్నరకి, ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లుండగా, టీ కొట్టు ముందు కెప్టెన్ చప్పట్లు కొట్టాడు. కెప్టెన్ అంటే యాత్ర పెట్టిన పళ్ళ డాక్టరు.

"అందరూ వ్యానెక్కండి. ముగింపు సభకొచ్చే ముఖ్య అతిథి పదింటికల్లా వెళ్ళిపోతారట. సభ జరిగే హోటల్ మలుపులో దిగి వంద మీటర్లు తొక్కితే చాలు. ఫొటోలో చెమట కనపడాలంతే. లేకపోతే నీళ్ళు చల్లుకోండి."

నాలుగు రోజులుగా ఎదురుగాలిని తిట్టుకుంటున్నవాళ్ళు నవ్వుతూ సైకిళ్ళు వ్యాను పైకి అందించసాగారు.

"మరి హార్బరు గేటు?" అంది రిపేరక్క.

"అక్కడేముందమ్మా, చేపల కంపు తప్ప! నీ సైకిలూ ఎక్కించు."

"నేను తొక్కుకుంటూ వస్తా సార్."

"నువ్వెందుకు తొక్కడం? నువ్వు రైడరువి కాదుగా, మెకానిక్‌వి."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అతను తొక్కిన ప్రతి గజమూ ఆమె తొక్కింది, పైగా ఏడు కిలోల పనిముట్ల సంచి వీపున వేసుకుని.

"మరి ఇన్నాళ్ళూ నేను గాల్లో వచ్చానా సార్?"

కెప్టెన్ వాచీ చూపించాడు. "అది కాదమ్మా, టైము..."

"మీ టైము మీరు చూసుకోండి." సంచి తీసి వ్యాను ముందు సీట్లో దభీమని పడేసింది. స్టీరింగు దగ్గర తమ్ముడు ఉలిక్కిపడ్డాడు.

"ఏంటక్కా ఈ మొండితనం? అక్కడ నిన్నెవరైనా భుజాలకెత్తుకుంటారా?"

"నోర్మూసుకుని బండి తియ్. నీకు సైకిల్ నేర్పి మోకాళ్ళు చెక్కుకున్నదాన్ని."

"ఇదిగో, మొదలుపెట్టింది."

వ్యాను వెళ్ళిపోయింది. కోపం కాళ్ళలోకి దిగింది. అయినా ప్రతి మలుపులోనూ బ్రేకు మీద చెయ్యి పడుతూనే ఉంది. ఎవరో చక్రం విప్పుకుని కూర్చుని ఉంటారని కళ్ళు రోడ్డు పక్కన వెతుకుతున్నాయి. ముందు ఎవరూ లేరని గుర్తొచ్చిన ప్రతిసారీ ఒక తిట్టు బయటికొచ్చింది. తిట్టు తిట్టుకీ పెడలు వేగంగా తిరిగింది.

హోటల్ ఇంకో మైలుందనగా ఖాళీ వ్యాను ఎదురొచ్చి, వెనక్కి తిప్పుకుని పక్కన చేరింది.

"అక్కా, ముఖ్య అతిథి సైకిలెక్కుతానన్నాడు. చైను ఊడింది. ఎవడికీ ఎక్కించడం రావట్లేదు. కెప్టెన్ నిన్ను తీసుకురమ్మన్నాడు."

"పళ్ళ డాక్టరేగా, పీకి చూడమను."

తమ్ముడు నవ్వాపుకోలేక హారన్ కొట్టాడు.

హోటల్ ముందు ఆ ఎనిమిది మందీ నల్లబడ్డ చేతులతో ఒక సైకిల్ చుట్టూ మూగి ఉన్నారు. కెప్టెన్ రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఒక్క నిమిషం!" ఆమె అతని మొహం కూడా చూడకుండా అందరినీ దాటేసింది.

అక్కణ్ణుంచి ఐదు కిలోమీటర్లు. వ్యాను వెనకే వచ్చింది. గేటు మూసి ఉంది. ఇనప చువ్వలకి ముందు చక్రం ఆనించి దిగింది.

కాపలావాడు స్టూలు మీంచి లేచాడు. "ఎవరమ్మా? పాస్ లేకుండా లోపలికి వదలం."

"లోపల నాకేం పని లేదు. ఇక్కడిదాకానే వచ్చాను."

"ఎక్కణ్ణుంచి?"

"తీరం ఆ చివర్నుంచి."

అతను ఆమెను చూశాడు, వెనకున్న వ్యానును చూశాడు. "ఓహో, వ్యాన్లోనా?"

"తొక్కుకుంటూ!" అని ఆమె అరిచిన అరుపుకి చువ్వల మీది కాకులు లేచిపోయాయి.

తమ్ముడు గబగబా వ్యాను దిగి మధ్యలోకొచ్చాడు. "అన్నా, నీకు పుణ్యముంటుంది, మళ్ళీ అడక్కు. తొక్కుకుంటూనే వచ్చింది. మొత్తం."