లైబ్రరీ గదిలో పరామర్శ

పుష్పలీల నోటికి జడిసి ఇంగ్లీషువాళ్ళ దేశంలో, క్రోయిడన్‌లో ఒక లిఫ్టు బాగుపడింది. వాళ్ళ ఫ్లాట్ల లిఫ్టు నెలల తరబడి మూలుగుతూ పడుంటే, కౌన్సిల్ వాళ్ళకు ఫోన్లు చేసి చేసి, ఆఖరికి ఆ ప్రాంతపు ఎంపీ గ్రేమ్ విట్‌లాక్ దగ్గరికే పోయి, ధర్మవరం చీరల కొట్లో బేరమాడే గొంతుతో ఆయన్ని నిలదీసింది. మరుసటి వారం లిఫ్టు కదిలింది. పోనీ అప్పుడైనా మెచ్చుకుందా అంటే, "ఈ పనేదో ముందే చేసుంటే నా మోకాళ్ళు మిగిలుండేవి గదా" అని ఇంకో నెల తిట్టింది. ఆమె పని సూపర్‌మార్కెట్లో గల్లా దగ్గర కూర్చుని సరుకులకు బిల్లు వేయడం. వరసలో నిలబడిన ముసలమ్మలు కూడా ఆమె ముఖం చూసి చిల్లర ముందే తీసి పట్టుకునేవారు.

విట్‌లాక్‌ను తిట్టడంలో ఆమె ఒంటరిదేమీ కాదు. ఊరంతా తిట్టేది. చెత్తబండి రాకపోయినా ఆయనే, ట్రాము ఆలస్యమైనా ఆయనే, వానపడి బట్టలు తడిసినా ఆయనే. ఎన్నికల పోస్టర్లో ఆయన పళ్ళకు ఎవరో నల్లరంగు పూస్తే, పాపం చెరిపేద్దామని ఎవరికీ తోచలేదు.

అలాంటిది, 2004లో ఆకులు రాలే రోజుల్లో, ఆయన ఆరేళ్ళ కొడుకు ఆర్చీ మెదడువాపుతో ఒక్క రాత్రిలో పోయాడు. తెల్లారేసరికి ఊరికి నాలుక మారిపోయింది. పోయినవాళ్ళంతా మంచివాళ్ళంటారు. ఇక్కడ పోయినవాడి నాన్న కూడా మంచివాడైపోయాడు. ఆయన ఆఫీసు గుమ్మం ముందు పూలగుత్తులు, కొవ్వొత్తులు, ఎలుగుబంటి బొమ్మలు గుట్టలు పడ్డాయి. వానకు బొమ్మలు తడిసి ఉబ్బితే వాటి మీద కొత్త బొమ్మలు పెట్టారు. పత్రికలవాళ్ళు ఆయన ఫొటో వేశారు, ఆయన భార్య నల్లకోటునూ వేశారు, చివరికి వాళ్ళ కుక్కను కూడా వేశారు. ఎదుటి పార్టీవాళ్ళు సైతం తిట్లు మానేసి ధైర్యశాలి అన్నారు.

ఇదంతా రామాంజనేయులుకు అర్థమైనంతగా ఇంకెవరికీ కాలేదు. పుష్పలీల భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగే గానీ, పుట్టుక అనంతపురం జిల్లాది. రాజకీయం ఉగ్గుపాలతో తాగినవాడు.

"ఇది సానుభూతి గాలి. ఇప్పుడు ఆయప్ప లెటర్ రాస్తే కాదనే మగోడు ఈ దేశంలో లేడు. మీయమ్మ వీసా సంగతి ఇప్పుడే అడగల్ల," అన్నాడు.

పుష్పలీలకు ఎనిమిదో నెల. తొలిచూలు. పురుడు పోయడానికి తల్లి రత్నమ్మ రావాలి. వీసావాళ్ళు రెండుసార్లు కాదన్నారు. వచ్చిందంటే మళ్ళీ వెనక్కి పోదని వాళ్ళ అనుమానం. పరుపు మారితేనే నిద్రపట్టని రత్నమ్మ ఆ దేశంలో ఉండిపోతుందని అనుకున్నారంటే వాళ్ళెంత తెలివైనవాళ్ళో చూడండి. లోకం మీద కస్సుమనే పుష్పలీల కాన్పంటే మాత్రం గడగడలాడేది. అమ్మ పక్కన లేకపోతే నేను కనను పొమ్మని భర్త మీద పడి ఏడ్చేది, అదేదో అతని చేతిలో ఉన్నట్టు.

అక్కడి ఎంపీలు నెలకోసారి ఏ లైబ్రరీ గదిలోనో కూర్చుని జనం మొర వింటారు. దాన్ని సర్జరీ అంటారు. తలా పది నిమిషాలు. కొడుకు పోయాక విట్‌లాక్ పెట్టిన మొదటి సర్జరీకే రామాంజనేయులు భార్య పేరు రాయించాడు. సంగతి తెలిసి పై ఫ్లాటు నాగేశ్వరి ఆంటీ పరుగున దిగివచ్చింది.

"కడుపుతో ఉండేదానివి, చావు జరిగినోళ్ళ కాడికి పోతావా? బుద్ధుందా నీకు?"

"చావిల్లు కాదు ఆంటీ, అది లైబ్రరీ. ఆయన డ్యూటీలో ఉంటాడు, నేను పని మింద పోతాండా. అంతే," అంది పుష్పలీల. ఆ మాట తను గట్టిగా నమ్మింది కూడా.

దారి పొడుగునా కారులో రామాంజనేయులు పాఠం చెప్పాడు. "పోతానే సారీ అను. ఒక నిట్టూర్పు ఇడువు. కడుపు మింద చెయ్యి పెట్టుకో. ఆడ్నుంచి వీసాలోకి దిగు."

"నిట్టూర్పు ఎంత పొడుగుండల్ల?" అంది పుష్పలీల.

లైబ్రరీలో ఆమె తన వంతు కోసం పిల్లల పుస్తకాల అల్మారా పక్కన కూర్చుంది. ఎంపీ గది తలుపు ఓరగా తెరిచే ఉంది. ముందుపోయిన ముసలాయన "మీకు జరిగినదానికి సారీ" అని, గుక్క తిప్పుకోకుండా చెత్తడబ్బాల మూతల గురించి మొదలుపెట్టాడు. తర్వాతి ఆవిడ "చాలా సారీ" అని ముక్కు చీది, పక్కింటివాళ్ళ చెట్టు తన కిటికీకి అడ్డమొస్తోందంది. ఆ తర్వాతి కుర్రజంట సారీని ఇద్దరూ కలిసి ఒకేసారి చెప్పేసి పార్కింగులోకి దిగారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుందని పుష్పలీలకు నవ్వొచ్చింది. తన చేతిలోనూ చుట్ట ఉందని గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది.

ఆమె కడుపు చూసి విట్‌లాక్ సహాయకురాలు కంగారుపడింది. బిడ్డను పోగొట్టుకున్నవాడి ముందుకు నిండు చూలాలిని పంపేదెలా అని తలుపుకు అడ్డం నిలబడింది. "మీ విషయం నాతో చెబితే సరిపోతుందేమో," అంది. లోపలినుంచి విట్‌లాకే రానివ్వమన్నాడు.

పోస్టర్లోని పళ్ళు కనబడలేదు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. బల్ల మీద టీ చల్లారి తొరక కట్టింది. ధర్మవరంలో ఇలాంటి మనిషిని చుట్టాలందరి నడుమ కూర్చోబెడతారు. ఇక్కడ బల్ల వెనక ఒక్కణ్ణీ కూర్చోబెట్టి చెత్తడబ్బాలు అప్పగించారు. పుష్పలీల నిట్టూర్పు మర్చిపోయింది. సారీ కూడా మర్చిపోయింది. ఆమె కళ్ళముందే లైబ్రరీ కాస్తా చావిల్లయి కూర్చుంది. చావింట్లో ముందు అడగవలసింది ఒక్కటే. వాళ్ళమ్మ అడిగేదీ, వాళ్ళవ్వ అడిగేదీ, వీధిలో ప్రతి మనిషీ అడిగేదీ అదే.

"ఎలా జరిగింది?" అంది ఇంగ్లీషులో. "బాబుకు. మొదట్నుంచీ చెప్పండి."

పక్కనే రాసుకుంటున్న సహాయకురాలి చేతిలోంచి పెన్ను కిందపడింది. ఆ దేశంలో అలా అడగడమంటే పుండులో వేలు పెట్టడమే. అందరూ సారీ చెప్పేది ఆ మాట ఎత్తకుండా దాటిపోవడానికి. విట్‌లాక్ తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. మర్యాద తప్పానేమోనని పుష్పలీల జీవితంలో మొదటిసారి భయపడింది.

"ఆదివారం," అన్నాడాయన. "తోటలో బంతి ఆడుకున్నాడు."

ఆ తర్వాత ఆగలేదు. సాయంత్రం తలనొప్పి అన్నాడట. అంచులు కోసేసి రొట్టె కాల్చిమ్మన్నాడట. తను పార్టీవాళ్ళతో ఫోనులో ఉండి, ఒక్క నిమిషం నాన్నా అన్నాడట. ఫోను పెట్టేసి, రొట్టె కాల్చి తీసుకెళ్ళేసరికి పిల్లాడు కళ్ళు మూసుకుని ఉన్నాడట. నిద్రే అనుకున్నాడట. అంచులు కోసిన ఆ రొట్టె తనే తిన్నాడట. అది చెప్పేటప్పుడు ఆ పెద్దమనిషి బల్ల మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. పుష్పలీల ఊరుకోమనలేదు. ఏడ్చేవాణ్ణి ఆపకూడదు. తనూ ఏడుస్తూ, మధ్యమధ్య "అప్పుడేమైంది?" అని అడిగింది. సహాయకురాలు టీ తెస్తానంటే వద్దని చెయ్యూపింది. అలాంటి చోట ఏమీ పుచ్చుకోరు. పది నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. బయట ఎవరో విసుగ్గా దగ్గారు.

కాసేపటికి ఆయన ముఖం తుడుచుకున్నాడు. "ఇంతవరకు నన్నెవరూ ఇది అడగలేదు," అన్నాడు. తర్వాత అలవాటుగా, "మీకు నేనేం చేయగలను?" అన్నాడు.

అదిగో, నోరు తెరిస్తే చాలు, అమ్మ వచ్చేస్తుంది. కడుపులో బిడ్డ కూడా అడగమన్నట్టు ఒక తన్ను తన్నింది. పుష్పలీలకు మళ్ళీ ఏడుపొచ్చింది, ఈసారి తన కోసం.

"ఏమీ లేదు. మిమ్మల్ని చూసిపోదామని వచ్చాను," అని లేచింది. వెళ్ళొస్తానని చెప్పలేదు. అలాంటి చోటినుంచి చెప్పి కదలకూడదు. వెనక్కి చూడకుండా బయటపడింది. ఎంత పొగరని సహాయకురాలు అనుకునే ఉంటుంది.

కారు దగ్గర రామాంజనేయులు ఎదురొచ్చాడు. "ఏమనె? రాస్తానన్యాడా?"

"నేనడగలేదు."

"అడగలేదా? మరి అంతసేపు లోపలేం చేస్తాంటివి?"

"ఏడుస్తాంటిమి."

అతను కారెక్కి స్టీరింగుకు తల కొట్టుకుంటే హారన్ మోగింది. "గాలున్నప్పుడే తూర్పారబట్టల్ల అంటారు. నువ్వు చేటే ఇంట్లో పెట్టిపోతివి గదే!" ఇల్లు చేరేదాకా అదే పాట.

ఆ సాయంత్రం ధర్మవరానికి ఫోన్ చేసేటప్పుడు పుష్పలీల నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది. లోకంలో ఆమె నోరు లేవని మనిషి రత్నమ్మ ఒక్కతే. "అమ్మా, నీ వీసా పని చెడగొట్టుకోనొస్తి," అని మొదలుపెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఎన్నేండ్ల పిల్లోడే?" అంది రత్నమ్మ.

"ఆరేండ్లుమా."

"అయ్యో నా తండ్రీ! ఎట్ల పాయనే?"

పుష్పలీల మళ్ళీ ఆదివారం నుంచి మొదలుపెట్టింది. బంతి, తలనొప్పి, ఫోను. రొట్టె దగ్గర తల్లీకూతుళ్ళిద్దరూ చెరో దేశంలో కూర్చుని ఏడ్చారు. ముక్కు చీదిన చప్పుడయ్యాక రత్నమ్మ గొంతు గట్టిపడింది.

"ఆయప్పను వీసా సంగతి నిజ్జంగా అడగలేదు గదా?"

"లేదుమా."

"బతికిస్తివి. బిడ్డను పోగొట్టుకున్నోని కాడ అడుక్కోని నేను ఇమానమెక్కితే ఆ కూడు నాకరుగుతాదా? పురుడుదేముండాది, నొప్పులొస్తానే ఫోన్ చెయ్యి. ఈడ్నుంచి నేను అరుస్తా, ఆడ నువ్వు ముక్కు."

పుష్పలీల ఏడుపులోనే నవ్వింది.

"అది సరే, ఆ పిల్లోని తల్లి ఎట్లుండాదంట?"

"అది అడగలేదుమా."

"అడగలేదా? మరి నువ్వేం పరామర్శ చేస్తివే? వచ్చే నెల మళ్ళా పోయి అడిగిరా!"

ఆ కేక సోఫాలో ఉన్న రామాంజనేయులుకు కూడా వినబడింది. అతను రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అలా పట్టుకునే, వచ్చే నెల సర్జరీ ఎన్నో తారీఖని అడిగాడు.