ఖాజా అన్న బ్లోయర్ ఆగిన కాసేపు

నిన్న పొద్దున ప్లాంట్ గేటు దగ్గర స్కూటీ ఆపుతుంటే మా ప్లాంట్ కుర్రాడు శ్రీను ఫోన్.

"మేడం, ఖాజా అన్న చనిపోయాడు."

నమ్మలేదు. ఎందుకంటే లోపల బ్లోయర్ మోగుతోంది. అది మోగుతుంటే అన్న లోపల ఉన్నట్టే. ఇన్నేళ్ళుగా నా బుర్రకి అదే అలవాటు.

ఫోన్ పెట్టేసి కూడా బ్లోయర్ రూమ్‌లోకి తొంగి చూశా. ఆయన స్టూల్ ఉంది. మీద తువ్వాలు ఉంది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. నరసరావుపేట దగ్గర మా మురుగు శుద్ధి ప్లాంట్‌లో ఖాజా అన్న బ్లోయర్ మెకానిక్. నేను అక్కడే ల్యాబ్‌లో చేస్తా. ఆయన సొంతూరు రెంటచింతల. ఎండల గురించి ఆయన ముందు ఎవరూ మాట్లాడకూడదు. "మీదీ ఒక ఎండేనా" అనేవాడు.

నీళ్ళు వేరు చేశాక మిగిలే బురదని మేము మూత ఉన్న పెద్ద ట్యాంకులో వేస్తాం. లోపల కంటికి కనపడని జీవులు దాన్ని తింటాయి. వాటికి గాలి కావాలి. ఆ గాలి పంపేదే బ్లోయర్. అవి తింటున్నంతసేపూ వేడి పుడుతుంది. కట్టెల్లేవు, హీటర్ లేదు, ట్యాంకు దానంతటదే కాగుతుంది. ఆ వేడికి రోగాల క్రిములు చస్తాయి. ఆ తర్వాతే ఆ బురద పొలాలకి ఎరువుగా వెళ్ళేది.

ఆ జీవుల్ని అన్న "మనోళ్ళు" అనేవాడు.

టీ తాగుతూ కూడా "మనోళ్ళు తింటన్నారా మేడం?" అని అడిగేవాడు. ఇంట్లో పిల్లల సంగతి అడిగినట్టే.

చేరిన కొత్తల్లో ఒక పని చేశాడు. తల్చుకుంటే నిన్న ఏడుపులో కూడా నవ్వొచ్చింది.

మంచి మే నెల. రీడింగ్ చూస్తే ట్యాంకు వేడి పడిపోతోంది. నాకు అర్థం కాలేదు. బయటికొచ్చి చూస్తే ట్యాంకు చుట్టూ తడి గోనెసంచులు! పైన నిలబడి బకెట్‌తో నీళ్ళు పోస్తున్నాడు మహానుభావుడు. పక్కన, ఒక్కటి నడవాల్సిన చోట రెండు బ్లోయర్లూ ఫుల్ స్పీడ్.

"ఏంది ఖాజా అన్నా ఇది?"

"చెయ్యి కాలతంది మేడం. లోపల మనోళ్ళు చచ్చిపోరా? మా ఇంట్లో కూలర్‌కి ఇట్టాగే కడతాం."

నా నోరు మంచిది కాదని మీ అందరికీ తెలుసు. బాగా తిట్టా. ఆ వేడి కోసమే మన తంటాలన్నీ అని చెప్పా. గాలి తక్కువైతే వాటికి ఊపిరాడదు, మరీ ఎక్కువైతే ఆ గాలే వేడిని ఎత్తుకుపోతుంది అని చెప్పా.

సంచులన్నీ విప్పి మడతపెట్టాడు. ఆ రోజు నుంచి ట్యాంకు ఆయనదైపోయింది. కరెంటు పోతే జనరేటర్ అందుకునేదాకా ఆయన ముఖం చూడలేకపోయేవాళ్ళం.

నిన్న వాళ్ళింటికి వెళ్ళా. అన్న భార్య మాబున్ని వదిన నా చెయ్యి పట్టుకుని చెప్పింది. తెల్లారగానే ఆయాసం వచ్చిందంట. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తున్నారంట.

"కిటికీ తెరువే, కిటికీ తెరువే అంటాడమ్మా. ఆటోకి కిటికీ యాడుంటది? చుట్టూతా గాలే. ఆయనకే అందలా."

ఆ మాట నన్ను వదలట్లేదు.

మధ్యాహ్నం ప్లాంట్‌కి తిరిగొచ్చా. ట్యాంకుని వదిలేసి అందరం వెళ్ళలేం కదా. ల్యాబ్‌లో కూర్చున్నా.

ఉన్నట్టుండి బ్లోయర్ ఆగిపోయింది.

మా ప్లాంట్‌లో నిశ్శబ్దం అంటే ప్రమాదం. పరిగెత్తా. బ్లోయర్ రూమ్ ముందు శ్రీనూ మిగతావాళ్ళూ తలలు వంచి నిలబడి ఉన్నారు. ఇంట్లోంచి అన్న జనాజా ఎత్తారని ఫోన్ వచ్చిందంట.

"అన్నకి మౌనం పాటిస్తన్నాం మేడం," అన్నాడు శ్రీను.

కాసేపు ఆగితే ఏమీ కాదు. అది నాకు తెలుసు. తిట్టబుద్ధి కాలేదు. నేనూ తల వంచా.

అప్పుడు వినపడింది. ట్యాంకు లోపల నురగ కూలుతున్న చప్పుడు. చిన్నగా, చిటపటమని. తర్వాత అది కూడా తగ్గుతూ పోయింది.

కిటికీ తెరువే.

నా వల్ల కాలేదు. వాళ్ళని తోసుకుని లోపలికెళ్ళి స్విచ్ వేశా. "ఆయన కోసం దీన్ని ఆపుతార్రా? దీన్నా?" అని అరిచా. శ్రీను అక్కడే కూలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చా. బ్లోయర్ మోతలో ఎవరి ఏడుపు ఎవరికీ వినపడలేదు.

ఈ పొద్దున వెళ్ళగానే ట్యాంకు గోడ మీద చెయ్యి పెట్టా. వెచ్చగా ఉంది. చెయ్యి తియ్యాలంటే భయమేసింది. వెనక నుంచి ఆయన అడుగుతాడేమోనని చూశా.

తింటున్నారు అన్నా. మనోళ్ళు బాగానే తింటున్నారు. గాలి ఆగనివ్వం.

నీ మీద మట్టి కప్పాక నీళ్ళు చల్లారంట. ఈ ఎండకి వెంటనే ఆరిపోయి ఉంటుంది. అల్లా నిన్ను నీడలో ఉంచాలి, నీకు నిండా గాలి ఆడాలి.

ఈసారి ఎన్ని తడి సంచులైనా కప్పుకో అన్నా. నేనేమీ అనను.