మా మరిది లంక పందేనికి పోయిన ఏడాది

మొన్న ఆదివారం మోకాలి నొప్పికి రాసుకుందామని గరిటెలో కాస్త ఆముదం పోసి పొయ్యి మీద పెట్టాను. ఇంతలో ఫోను మోగితే ముందుగదిలోకి వెళ్లి, మాటల్లో పడి గరిటె సంగతే మరిచిపోయాను. తిరిగి వచ్చేసరికి వంటిల్లంతా పొగ. మనవరాలు ముక్కు మూసుకుని కిటికీలు తెరుస్తూ "అవ్వా, ఏం వాసన ఇది!" అని విసుక్కుంది. నేను మాత్రం పొయ్యి ఆర్పి, ఆ పొగలోనే కాసేపు నిలబడిపోయాను. మాడిన ఆముదం నాకెప్పుడూ చెడు వాసన కాదు. అది మా మరిది వాసన. నలభై ఏళ్ల కిందట ఆదోనిలో మా అత్తగారింటి సందు మొదట్లో ఆ వాసన తగిలిందంటే, మరో నిమిషంలో మరిది బండి గుమ్మం ముందు ఆగుతుందని అర్థం. అన్నం వడ్డించడానికి నాకు అదే గంట.

నేను పుట్టింది ఎమ్మిగనూరులో. మా నాయనకు బట్టల అంగడి. తెల్లవారింది మొదలు మగ్గాల చప్పుడు వింటూ పెరిగినదాన్ని, పెళ్లయి ఆదోనికి వచ్చి దూది మధ్య పడ్డాను. మా మామగారిది పత్తి వ్యాపారం. పత్తి వచ్చే కాలంలో దూదిపింజలు గాలిలో తేలి వచ్చి తలమీదా, పాలగిన్నెమీదా, దేవుడి పటాలమీదా వాలేవి. మా ఆయన తన తండ్రి వెంట వ్యాపారంలో కుదురుకున్నారు. ఆయన తమ్ముడు, నాకంటే రెండేళ్లు చిన్న, పత్తినుంచి గింజ తీసే జిన్నింగు మిల్లు చూసుకోవాలని పెద్దల ఉద్దేశం. అతని మనసు మాత్రం ఎమ్మిగనూరు రోడ్డులో ఒక రేకుల షెడ్డులో ఉండేది. ఆ షెడ్డు ఒక మెకానిక్‌ది. ఊరంతా ఆయన్ని భాయ్ అనే పిలిచేది. లారీలూ, నీళ్ల ఇంజన్లూ బాగుచేసే ఆ భాయ్, మా మరిది కలిసి ఎక్కడో కొన్న ఒక పాత మోటారుసైకిలును ముక్కముక్కలుగా విప్పి, మళ్లీ బిగించి, ఉన్నదానికంటే వేగంగా పరిగెత్తేట్టు చేశారు. పందేల బళ్లకు ఆముదం కలిసిన ఆయిల్ వాడతారట. అది ఆదోనిలో దొరకదు. అందుకని మా అత్తగారు కాచి దాచుకున్న వంటాముదం మీద ప్రయోగాలు మొదలయ్యాయి. జాడీ తరిగిపోతుంటే అత్తగారు నా జడ వైపు అనుమానంగా చూసి, "ఏమమ్మా, మీ ఎమ్మిగనూరులో తలకు ఇంత ఆముదం పెట్టుకుంటారా?" అని అడిగింది. గుమ్మం దగ్గర మరిది చేతులు జోడించి నిలబడ్డాడు. "అవునత్తా, మాకు అలవాటు" అన్నాను. మా ఇద్దరి స్నేహం ఆ అబద్ధంతో మొదలైంది.

మద్రాసు దగ్గర విమానాలు దిగడం మానేసిన ఒక పాత మైదానంలో ఏటా పందేలు జరిగేవి. పత్తి పని అని చెప్పి మరిది అక్కడికి వెళ్లేవాడు. మా ఆయనకు తెలుసు, నాకు తెలుసు. మొదటి రెండుసార్లు మోచేతులు దోక్కుపోయి వచ్చాడు. మూడోసారి చిన్న కప్పు తెచ్చి నా బియ్యం డబ్బాలో దాచాడు. తర్వాత కొన్ని నెలలకు మద్రాసు నుంచి ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు కాస్తో కూస్తో వచ్చినదాన్ని నేనే. సిలోన్‌లో జరిగే పందేలకు మద్రాసు నుంచి కొందరు కుర్రాళ్లను పంపుతున్నారు, వాళ్లలో నువ్వూ ఒకడివి, రాగలవా అని దాని సారాంశం. చదివి చెప్పేసరికి మరిది ముఖంలో రక్తం లేదు. సంతోషానికి మనిషి అలా తెల్లబోతాడని నాకు అప్పుడే తెలిసింది.

ఇక దాచడం కుదరలేదు. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయనే సంగతి బయటపెట్టారు. మామగారు కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేసి లేచిపోయారు. అత్తగారు మాత్రం, "లంకకా? లంకకు పోయి బాగుపడినోళ్లు ఎవురున్నారు?" అంది. నేను ఊరుకోలేక "హనుమంతుడున్నాడు గదత్తా" అన్నాను. ఆమెకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. మామగారి భయం ఎక్కడిదో అందరికీ తెలుసు. ఆయన తమ్ముడు, అంటే నాకు చినమామ, నా పెళ్లికి ఎంతో ముందు మోటారుసైకిలు మీద మంత్రాలయం పోతూ లారీ తగిలి దారిలోనే పోయాడట. అప్పటినుంచి మామగారు మంత్రాలయానికి రైల్లోనే పోయేవారు తప్ప ఆ రోడ్డు తొక్కలేదు. ఇంట్లో ఆ చినమామ పేరు ఎవరూ ఎత్తేవారు కాదు.

మరిది వాదించలేదు. అతనికి పాతికేళ్లు దగ్గరపడ్డాయి, కావాలంటే తనంతట తానే పోగలడు. కానీ నాయన వద్దంటే పోయే రకం కాదు. నాలుగు రోజులు మౌనంగా మిల్లుకు పోయి వచ్చాడు. అయిదో రోజు తండ్రి ముందు నిలబడి, "నాయనా, నేను తోలేది నువ్వు ఒక్కతూరి గూడ సూడలే. వచ్చి సూడు. సూసినాక వద్దంటే బండి అమ్మేస్తా" అన్నాడు. మామగారు నావైపు చూశారు. ఎందుకో నాకు తెలియదు. నేను "పోదాం మామా, నేనూ వస్తా" అన్నాను.

మర్నాడు తెల్లవారగానే జట్కాలో ఎమ్మిగనూరు రోడ్డు మీదికి వెళ్లాం. ఊరు దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది, రెండువైపులా నల్ల చేలు. భాయ్ అప్పటికే అక్కడున్నాడు. మరిది దూరం నుంచి చుక్కలా కనబడి, చూస్తుండగానే మా ముందునుంచి దూసుకుపోయాడు. నా కొంగు గాలికి లేచింది. మామగారు కళ్లు మూసుకున్నారు. రెండోసారి వచ్చేటప్పుడు చేలోనుంచి ఒక గొర్రెల మంద రోడ్డెక్కింది. నేను కేకపెట్టాను. అతను మాత్రం వాటిని ఎప్పుడు చూశాడో ఏమో, చాలా దూరంలోనే వేగం తగ్గించి, మెల్లగా వచ్చి, ఇంజను ఆపేసి, రోడ్డు మీద కాలు ఆనించి నిలబడ్డాడు. కాపరి తాపీగా మందను తోలుకుపోయేదాకా బండి కదిలించలేదు. ఆఖర్న ఒక కుంటి గొర్రె మిగిలితే దానికోసం కూడా ఆగాడు. మామగారు మంద పోయినవైపే చూస్తూ జట్కా ఎక్కారు. ఇంటిముందు జట్కా దిగుతూ, "వానికి ఆపేది తెలుసు. పోనీలేమ్మా" అన్నారు నాతో.

పాస్‌పోర్టులు రావడానికి నెలలు పట్టింది. భాయ్ కూడా వెళ్లాలి కదా మరి, ఆ బండి మనసు ఆయనకే తెలుసు. ఈలోగా పందెంలో వేసుకునే తోలు సూటు వచ్చింది. తోలు వస్తువు ఇంట్లోకి రాకూడదని అత్తగారు దాన్ని దూది గోదాములో వేలాడదీయించింది. ఉన్నట్టుండి ఒకరోజు ఆమె రైలెక్కి మంత్రాలయం వెళ్లి మంత్రాక్షతలు తెచ్చింది. చిన్న గుడ్డలో మూటకట్టి, నన్ను వెంటబెట్టుకుని గోదాములోకి నడిచింది. నేను కుడతానన్నా వినలేదు. చెప్పులు కూడా వేలితో ముట్టని మనిషి ఆ సూటును ఒళ్లో వేసుకుని, లోపలి జేబులో ఆ మూటను తన చేత్తో కుట్టింది. తర్వాత తలస్నానం చేసింది, అది వేరే సంగతి.

మరిది, భాయ్ ఇద్దరూ బండితో సహా మద్రాసు రైల్లో వెళ్లారు. అక్కడినుంచి రామేశ్వరం, రామేశ్వరం నుంచి ఓడ. రాముడు దాటిన చోటే దాటుతున్నాడని అత్తగారు కాస్త కుదుటపడింది. ఉత్తరాలు వచ్చే వ్యవధి లేదు. పందెం ఆదివారమని మాత్రం తెలుసు. సోమవారం మధ్యాహ్నం గుమ్మం ముందు సైకిలు ఆగి "టెలిగ్రాం!" అని కేక వినబడింది. ఆ రోజుల్లో టెలిగ్రాం అంటే చావుకబురే. అత్తగారు కాగితం విప్పకముందే గోడకు ఆనుకుని కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. మామగారు పీట మీద కూర్చుని "సదువమ్మా" అన్నారు. తొందరలో విప్పుతుంటే కాగితం చిరిగింది. నాలుగే మాటలు. "క్షేమంగా ఉన్నాడు మామా! ఐదోవాడుగా వచ్చినాడంట!"

అత్తగారు ఏడుపు ఆపి తలెత్తింది. తర్వాత మామగారు, "ఎంతమందిలో?" అన్నారు. అది రాయలేదన్నాను. అత్తగారు కళ్లు తుడుచుకుంటూ, "అయిదుమందే పోయింటే?" అంది. మామగారికి కోపం వచ్చింది. కండువా భుజాన వేసుకుని బజారుకు నడిచారు. కొడుకు ఐదోవాడని ఆయన పత్తి మండీలో చెప్పారు. సాయంత్రానికి బస్టాండులో మరిది మూడోవాడయ్యాడు. మర్నాడు మా నాయన ఎమ్మిగనూరు నుంచి మిఠాయి బుట్టతో దిగి, "బావా, మొదటోడంట గదా!" అన్నాడు. "కాదు బావా, ఐదోవాడు" అని మామగారు ఎంత గర్వంగా సరిదిద్దారంటే, ఐదు ఒకటికంటే పెద్దదే అని నాకూ అనిపించింది.

అసలు కథ మరిది వచ్చాక చెప్పాడు. అక్కడ ఒకటే వాన. మన ఆదోని మనిషికి వానలో పందెం ఎక్కడ తెలుసు? ముందురోజు సాధనలోనే జారి పడ్డాడు. గదిలో కూర్చుని తిరిగి వెళ్లిపోదామనుకున్నాడట. అప్పుడు భాయ్ అతని పక్కన కూర్చుని, "ఆస్పరి దావలో వాన పడినప్పుడు నల్లమన్నులో సెనిక్కాయల మూట ఎనకేసుకోని రాలేదా నువ్వు? ఆ పొద్దు ఎట్ల తోలినావు సెప్పు" అన్నాడట. "మెల్లగ. బ్రేకు గట్టిగ పట్టకుండ" అన్నాడు మరిది. "ఈడ గూడ అంతే బేటా. ఫికర్ వద్దు."

ఇరవైరెండు మంది బయల్దేరారట. ముందు దూసుకుపోయినవాళ్లు మలుపుల్లో ఒక్కొక్కరే జారిపోతుంటే మరిది మెల్లగా, పట్టుగా నడుపుకుంటూ వచ్చాడు. "వదినా, నాకు ఎవురూ కనపళ్లేదు. వాన, నా ముందర చక్రం, అంతే" అన్నాడు. ఆఖరి చుట్టులో నాలుగోవాడి వెనకే ఉన్నాడు. దారి పక్కన నిలబడ్డ భాయ్, నువ్వు ఐదోవాడివి అని చెప్పడానికి అయిదు వేళ్లూ చాపి చెయ్యి ఎత్తాడు. మరిది దాన్ని "ఆపు" అనుకున్నాడు! ముందు ఎవరో పడ్డారేమోనని వేగం తగ్గించాడు. అంతలో నాలుగోవాడు అందకుండా పోయాడు. భాయ్ బతికున్నన్నాళ్లూ ఆ చెయ్యి చూపించి "నాలుగో నంబరు తిన్న చెయ్యి ఇదే" అని తనమీద తానే నవ్వుకునేవాడు. మొత్తం తొమ్మిదిమందే పందెం పూర్తి చేశారు.

వచ్చిన మూడోరోజు పొద్దున మామగారు స్నానం చేసి, పంచె కట్టుకుని, వాకిట్లోకి వచ్చి, "రేయ్, బండి తీయి. మంత్రాలయం పోదాం" అన్నారు. మరిది నిలబడిపోయాడు. "రైలుకా నాయనా?" "బండి తీయమంటి గదా." ఎప్పుడూ బండెక్కని మనిషి పంచె ఎగ్గట్టి, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో కొడుకు భుజం పట్టుకుని కూర్చున్నారు. అత్తగారు గుమ్మంలోంచి కదల్లేదు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఆయన జుట్టంతా లేచి నిలబడి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. దుమ్మువల్లనని ఎవరూ అడగకుండానే చెప్పారు. భోజనం చేస్తూ, "ఆ దావ పక్క చింతచెట్లు ఎంత పెద్దవైనాయి!" అన్నారు. ఇంకాసేపాగి తమ్ముడి పేరు తలిచి, వాడికి చింతచిగురు పప్పంటే ప్రాణమని చెప్పారు. అత్తగారు ఇంకొంచెం పప్పు వడ్డించింది. ఆ ఇంట్లో ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి.

మరిది మరో రెండేళ్లు మద్రాసులో పందేలు తోలాడు. సముద్రం మళ్లీ దాటలేదు. పెళ్లి, పిల్లలు, భాయ్ షెడ్డు పక్కనే సొంత షెడ్డు. ఇంకా పోవాల్సిందన్న దిగులు లేదా అని ఒకసారి అడిగితే, "పోయొచ్చినా గదా వదినా" అని నవ్వాడు. ఇప్పటికీ పండుగకో, పెళ్లికో అందరం కలిస్తే ఎవరో ఒకరు లంక మాట ఎత్తుతారు, ఇంకొకరు అందుకుంటారు, పిల్లలు మధ్యలో తప్పులు దిద్దుతారు. ఆ వానలో పందెం అంతా కలిపి నలభై నిమిషాలు. దాన్ని చెప్పుకోవడం మొదలుపెట్టి నలభై ఏళ్లయింది, ఇంకా మాకు పూర్తి కాలేదు.