మెట్లబావిలో హాజరు

కొండాపూర్‌లో మా ఆఫీసు పక్కన జేసీబీ తవ్విన పచ్చిమట్టి వాసనకు పెద్దమ్మ గుర్తొస్తుంది. బడిలో చరిత్ర చెప్పేది. నా ఎనిమిదో ఏట మా ఊరి పాత మెట్లబావిని పూడ్చడానికి బిల్డరు వస్తున్నాడంటే, నాలోని మేధావి మేల్కొన్నాడు. దేవుడంటే ఎవరూ ముట్టరని రాళ్లన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టాను. పెద్దమ్మ తడికొంగుతో అన్నీ తుడిచేసింది. ఆమెకు భక్తి లేదనుకున్నాను.

“ఇగ పూడుస్తరు పెద్దమ్మా!”

“మనుషులు కట్టిన్రు బిడ్డా. గా మాట చెప్పే కాపాడుత.”

పిల్లలందరినీ మెట్ల మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది. బిల్డరు వచ్చి “జర లేవండమ్మా” అన్నాడు.

“హాజరు తీసుకుంటున్న. కూసో. నీ పేరేంది?”

నెలంతా బడి అక్కడే. చివరికి బిల్డరే బావిని వదిలేసి, తన ప్రహరీ గోడ వెనక్కి జరుపుకున్నాడు. నా దేవుడే గెలిచుంటే, ఈపాటికి బావిని పూడ్చి పైన సిమెంటు గుడి కట్టేసేవాళ్లం.